అంచనాలు, బిల్లులు, తేదీలు: నిర్మాణ రంగ పరిశోధనపై పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఈ నెల విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల పాఠకులు రాసిన ఉత్తరాలలో నిర్మాణ రంగ నిర్వహణకు, ఆ రంగపు ఆర్థిక వ్యవహారాలకు సంబంధించిన ప్రశ్నలు ఎక్కువగా ఉన్నాయి. ఒకే విషయం అడిగిన ఉత్తరాలను కలిపి, ఆరు ప్రశ్నలకు ఇక్కడ జవాబులు ఇస్తున్నాము.

ప్రశ్న: నేను ఎం.టెక్. రెండో ఏడాది చదువుతున్నాను. ప్రభుత్వ భవనాల నిర్మాణంలో జాప్యానికి కారణాలు నా ప్రాజెక్టు అంశం. యాభై కారణాలతో ప్రశ్నావళి తయారుచేసి ఇంజినీర్లకూ కాంట్రాక్టర్లకూ పంచాలని, ఒక్కో కారణానికి ఒకటి నుంచి ఐదు వరకు మార్కులు వేయించి వరుస పెట్టాలని మా గైడు గారు చెప్పారు. ఇది సరిపోతుందా?
– విద్యార్థిని, రాజాం

జవాబు: సరిపోదనే చెప్పవలసి వస్తోంది. అయితే ఈ అంశంపై దేశదేశాల్లో వెలువడిన వ్యాసాలలో చాలా భాగం ఆ పద్ధతిలోనే తయారయ్యాయి కనుక మీ గైడు గారిని తప్పుపట్టనవసరం లేదు. సౌదీ అరేబియాలో అసాఫ్, అల్-హెజ్జీ అనే పరిశోధకులు 2006లో ప్రచురించిన అధ్యయనాన్ని చూడండి. వారు 73 కారణాల పట్టికను పట్టుకొని యజమానులను, కన్సల్టెంట్లను, కాంట్రాక్టర్లను వేరువేరుగా అడిగారు. మూడు పక్షాలూ ఒప్పుకున్న కారణం ఒక్కటే తేలింది: పని మధ్యలో యజమాని కోరే మార్పులు. మిగిలిన వాటిలో ఎవరి వేలు ఎదుటివారి వైపే చూపించింది. మన దేశపు ప్రాజెక్టులపై డోలోయ్, సాహ్నీ, అయ్యర్, రెంటాల కలిసి 2012లో ప్రచురించిన వ్యాసంలో అన్నిటికన్నా ముందు వచ్చిన అంశం, పనిలో పాల్గొనే పక్షాలకు నిబద్ధత లేకపోవడం. ఆ మాట నిజమే కావచ్చు, కానీ దాన్ని తెలుసుకున్న ఒక అసిస్టెంటు ఇంజినీరు సోమవారం ఉదయం సైటుకు వెళ్లి ఏమి చేయాలో ఆ వరుస చెప్పదు. ప్రశ్నావళి వల్ల మనకు దొరికేది జనాభిప్రాయం. జాప్యం మాత్రం అభిప్రాయం కాదు, దానికి తేదీలుంటాయి.

అందుచేత తేదీలను వెదకమని నా సలహా. అమెరికాలో గ్లెన్ బల్లార్డ్, గ్రెగ్ హోవెల్ అనే ఇద్దరు 1990లలో చేసిన పని మీకు దారి చూపుతుంది. ఈ వారంలో ఫలానా పనులు పూర్తిచేస్తామని సైటులో ముందుగా రాసుకున్న వాటిలో వారాంతానికి నిజంగా పూర్తయినవి ఎన్ని అని వారు లెక్కపెట్టగా, సగటున 54 శాతమే తేలాయి. అంటే అనుభవమున్న మేస్త్రిలూ ఇంజినీర్లూ స్వయంగా ఒప్పుకున్న పనులలో దాదాపు సగం ఆ వారం జరగలేదు. ఇంకా ముఖ్యమైనది ఏమిటంటే, జరగని ప్రతి పనికీ ఎదురుగా కారణం అక్కడికక్కడే రాయించారు. ఈ పరిశీలన నుంచి పుట్టిన ప్రణాళికా పద్ధతిపైనే బల్లార్డ్ 2000లో బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయానికి సిద్ధాంతవ్యాసం సమర్పించారు.

మీరు మూడు సైట్లు ఎంచుకోండి, అంతకన్నా వద్దు. ప్రతి సోమవారం ఆ వారపు పనులను సైటు ఇంజినీరు నోటితోనే చెప్పించి నోటుపుస్తకంలో ఎక్కించండి. శనివారం సాయంత్రం కూలీలకు బట్వాడా జరిగే వేళకు వెళ్లి టిక్కు పెట్టండి. అప్పుడు మీ పుస్తకంలో ఇలాంటి పంక్తులు కనిపిస్తాయి: ‘రెండో గది లింటెల్ సెంట్రింగ్ – కాలేదు – జాకీలు (శ్లాబు, లింటెల్ కింద నిలిపే ఊతాలు) పక్క సైటు నుంచి విప్పి తేలేదు.’ ‘మెట్ల ఊచలు కట్టడం – కాలేదు – రాడ్ బెండింగ్ వాళ్లు ఉభాలకు (వరి నాట్లకు) ఊరు వెళ్లారు.’ ‘శ్లాబు కాంక్రీటు – కాలేదు – ఏఈ గారు ఊచలు తనిఖీ చేయడానికి గురువారం బదులు వచ్చే మంగళవారం వస్తామన్నారు.’ పన్నెండు వారాలు ఇలా రాస్తే, యాభై కారణాల పట్టికలో ఎక్కడా లేని కారణాలు బయటపడతాయి. పట్టికలో మొదటి వరుసలో ఉండే వర్షం కన్నా జాకీలే ఎక్కువ రోజులు మింగాయని తేలినా నేను ఆశ్చర్యపోను. దీనికి తోడు ఎం-బుక్‌లో, అంటే పని కొలతల పుస్తకంలో, కొలతలు ఎక్కిన తేదీ, వాటిని పై అధికారి సరిచూసిన చెక్ మెజర్‌మెంటు తేదీ, బిల్లు పంపిన తేదీ, సొమ్ము ఖాతాలో పడిన తేదీ వరుసగా రాసుకోండి. ఆ నాలుగు తేదీల మధ్య ఎడమే మీ సిద్ధాంతవ్యాసం కావచ్చు.

చదవడానికి పుస్తకాలు దొరకవని బెంగపడవద్దు. ఈ రంగంలో పేరున్న ‘కన్‌స్ట్రక్షన్ మేనేజ్‌మెంట్ అండ్ ఎకనామిక్స్’ పత్రిక 1983 నుంచి వస్తోంది, దానికి చందా కావాలి. కానీ బ్రిటన్‌లోని నిర్మాణ నిర్వహణ పరిశోధకుల సంఘం ఆర్కామ్, నిర్మాణంలో వృథాను తగ్గించే పద్ధతులపై పనిచేస్తూ 1993లో మొదలైన లీన్ కన్‌స్ట్రక్షన్ అంతర్జాతీయ బృందం తమ వార్షిక సమావేశాల వ్యాసాలను ఉచితంగానే అందుబాటులో ఉంచాయి.

ప్రశ్న: నేను సీసీ రోడ్లు, కాలువలు చేసే చిన్న కాంట్రాక్టరుని. రేట్లు, కొలతలు నాకు బాగా తెలుసు, లెక్క ఎక్కడా తప్పడం లేదు. అయినా ఎల్-1గా, అంటే అందరికన్నా తక్కువ ధర వేసి, దక్కించుకున్న పనులలోనే నష్టం వస్తోంది, పోయిన టెండర్లు తలుచుకుంటే అవే లాభసాటిగా ఉండేవనిపిస్తోంది. ఇది నా జాతకమా, దీనికి శాస్త్రంలో ఏమైనా కారణముందా?
– కాంట్రాక్టరు, నరసన్నపేట

జవాబు: జాతకం కాదు, లెక్కే. ఒక రోడ్డు పనికి అసలు అయ్యే ఖర్చు కోటి రూపాయలనుకుందాం. అది పని పూర్తయ్యేదాకా ఎవరికీ తెలియదు. ఐదుగురు కాంట్రాక్టర్లు నిజాయితీగా, తెలివిగా లెక్కవేసి 92, 96, 100, 103, 109 లక్షలు అవుతుందని తేల్చారు. ఐదుగురి సగటు సరిగ్గా కోటి, అంటే మొత్తం మీద వారి అంచనా తప్పలేదు. అందరూ తమ లెక్కపై 8 శాతం లాభం వేసుకొని టెండరు వేస్తే, పని 92 లక్షలు అనుకున్నవారికి 99 లక్షల 36 వేలకు దక్కుతుంది. లాభం వేసుకున్నా ఆయనకు 64 వేల నష్టమే. తక్కువ ధరకే పని ఇచ్చే పద్ధతిలో పని ఎప్పుడూ సగటు అంచనా వేసినవారికి రాదు, అందరికన్నా తక్కువగా పొరపడినవారికే వస్తుంది. పోటీదారులు ఐదుగురికి బదులు పదిహేనుమంది ఉంటే ఆ తక్కువ ఇంకా కిందికి జారుతుంది కాబట్టి, పోటీ పెరిగినకొద్దీ లాభం శాతాన్ని తగ్గించుకోవాలనే మన అలవాటు లెక్క ప్రకారం తలకిందుల పని.

ఈ సంగతిని మొదట స్పష్టంగా రాసినవారు కేపెన్, క్లాప్, కాంప్‌బెల్ అనే ముగ్గురు అమెరికన్ చమురు ఇంజినీర్లు. 1971లో, సముద్రగర్భపు చమురు లీజుల వేలాన్ని గురించి రాశారు. నిర్మాణ రంగంలో దీన్ని పరీక్షించిన తీరు మరీ ఆసక్తికరంగా ఉంటుంది. డయ్యర్, కేగెల్, లెవిన్ 1989లో ప్రచురించిన ప్రయోగంలో, టెండర్లు వేయడంలో ఏళ్ల అనుభవమున్న నిర్మాణ సంస్థల అధికారులను కూర్చోబెట్టి కాగితం మీద వేలం ఆడించగా, వారు కూడా కాలేజీ విద్యార్థులలాగే ఈ గోతిలో పడ్డారు. మరి బయట వారు ఎలా బతుకుతున్నారు? డయ్యర్, కేగెల్ 1996లో రాసిన వ్యాసంలో దానికి జవాబు చెప్పారు. అసలు వ్యాపారంలో తప్పించుకునే దారులు ఉన్నాయి: కూడికలో పొరపాటు జరిగిందని టెండరు వెనక్కి తీసుకునే అవకాశం, పని మధ్యలో వచ్చే మార్పులకు అదనపు ధర అడగడం, తమకు బాగా తెలిసిన రకం పనులకే పరిమితం కావడం. మన వైపు మొదటి దారి దాదాపు మూసుకుపోయినదే, ఎందుకంటే వెనక్కి తగ్గితే టెండరుతో కట్టిన ధరావతు (ఈఎండీ) పోతుంది. రెండోది ఆఫీసు దయ. మీ చేతిలో నిజంగా ఉన్నది మూడోదే.

ఇక మీ ఉత్తరంలో మీరు రాయని ఒక ఖర్చు గురించి కూడా చెప్పాలి. ఆ రోడ్డు పనిలోనే 60 లక్షల బిల్లు ఎనిమిది నెలలు ఆగిందనుకోండి. సిమెంటు కొట్టుకూ కంకర ట్రాక్టర్లకూ ఇవ్వడానికి నూటికి రెండు రూపాయల వడ్డీకి తెస్తే నెలకు లక్షా ఇరవై వేలు, ఎనిమిది నెలలకు 9 లక్షల 60 వేలు. మీరు వేసుకున్న 8 శాతం లాభం మొత్తం కన్నా ఇది ఎక్కువ. ‘లెక్క ఎక్కడా తప్పడం లేదు’ అనే కాంట్రాక్టర్లలో చాలామంది లెక్కలో ఇసుక, కంకర, కూలి, రోలరు అద్దె అన్నీ ఉంటాయి గానీ, వడ్డీ ఇంటి ఖర్చులలో కలిసిపోతుంది. గత ఐదారు పనులకు బిల్లు పెట్టిన తేదీ, సొమ్ము పడిన తేదీ తీసి సగటు కట్టండి. కొత్త టెండరులో అన్ని నెలల వడ్డీని ఖర్చుగానే చూపించుకోండి. అలా వేస్తే పని రాదంటారు. నిజమే, కొన్ని రావు. రాకపోయిన ఆ పనులే మీకు మిగులు.

ప్రశ్న: పదవీ విరమణ సొమ్ముతో రెండు పోర్షన్ల ఇల్లు మొదలుపెట్టాను. చదరపు అడుగు లెక్కన మేస్త్రి చెప్పిన మొత్తం శ్లాబు పడేసరికే దాటిపోయింది. ఇంత చదువుకున్న నేనే ఇలా పొరపడితే, పరిశోధకులు ఇందులో ఏమి కనిపెట్టినట్టు?
– విశ్రాంత ఉపాధ్యాయుడు, బొబ్బిలి

జవాబు: మాస్టారూ, చదువుకీ దీనికీ సంబంధం లేదని కనిపెట్టారు. డేనియల్ కానెమన్, ఎమోస్ ట్వెర్‌స్కీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1979లోనే దీన్ని వివరించారు. ఎవరైనా తన పనిని అంచనా వేసేటప్పుడు ఆ పని వివరాలలోకే దిగి, అన్నీ సవ్యంగా సాగే దారిని ఊహించుకుంటారు. అలాంటి పనులు ఇంతకుముందు చేసినవారికి చివరికి ఎంత అయిందని మాత్రం అడగరు. విరుగుడు కూడా వారే చెప్పారు: ముందు బయటి లెక్క చూడాలి. మీ వీధిలో గత రెండు మూడేళ్లలో ఇల్లు కట్టిన ఏడెనిమిది మందిని మేస్త్రి మొదట చెప్పినదెంత, గృహప్రవేశం నాటికి అయినదెంత అని అడిగి, ఆ రెండింటి నిష్పత్తిని మీ అంకెకు వర్తింపజేస్తే, ఏ ఇంజినీరు కాగితం కన్నా అదే నిజానికి దగ్గరగా ఉంటుంది.

చదరపు అడుగు రేటులో సాధారణంగా చేరని వాటిని కూడా ఇప్పుడే రాసి పెట్టుకోండి: బేస్‌మెంటులో నింపే గ్రావెల్, సెప్టిక్ ట్యాంకు, బోరు, ప్రహరీ, గేటు, కరెంటు మీటరు, మెట్ల మీది గది. పైగా ‘ఎలాగూ కడుతున్నాం కదా’ అంటూ ఇంట్లోవాళ్లు చేయించే మార్పులు వేరే ఉంటాయి. సౌదీలో మూడు పక్షాలూ ఒప్పుకున్న ఆ ఒక్క కారణం బొబ్బిలిలో కూడా పనిచేస్తుంది. ఇకపై ఏ మార్పు కోరినా, దాని ధర మేస్త్రి చేత పుస్తకంలో రాయించి సంతకం తీసుకున్నాకే పని మొదలుపెట్టించండి.

ప్రశ్న: భోగాపురం విమానాశ్రయానికి రెండు సార్లు శంకుస్థాపన జరిగింది. వంశధార సాగునీటి ప్రాజెక్టు రెండో దశ గురించి మా చిన్నప్పటి నుంచి వింటున్నాం. పెద్ద పనులన్నీ ఇలా ఆలస్యమై ఖర్చు పెరగడం మన దగ్గరే ఉందా?
– పాఠకుడు, హిరమండలం

జవాబు: మన దగ్గరే కాదు. డెన్మార్కు పరిశోధకుడు బెంట్ ఫ్లూబ్యా తన సహచరులతో 2002లో ప్రచురించిన అధ్యయనంలో 20 దేశాలలోని 258 రవాణా ప్రాజెక్టులను పరిశీలించారు. పదింట దాదాపు తొమ్మిదింటిలో ఖర్చును తక్కువగా అంచనా వేశారు. అసలు ఖర్చు సగటున 28 శాతం పెరిగింది. రైలు మార్గాలలో ఇది 45 శాతం, వంతెనలు, సొరంగాలలో 34 శాతం, రోడ్లలో 20 శాతం. పొరపాటే అయితే సగం అంచనాలు ఎక్కువకు, సగం తక్కువకు తప్పాలి కదా, అన్నీ ఒకే వైపు ఎందుకు తప్పుతున్నాయన్నది ఆయన ప్రశ్న. పనికి ఆమోదం రావాలంటే అంకె చిన్నదిగా కనిపించాలి కాబట్టి కావాలనే తగ్గించి చూపుతున్నారని ఆయన జవాబు. పీటర్ లవ్, అహియాగా-డాగ్బుయి అనే పరిశోధకులు 2018లో దీన్ని గట్టిగా ఖండించారు. పెరుగుదలను ఏ అంకె నుంచి కొలుస్తున్నామన్నదానిపై ఫలితం మారిపోతుందని వారి వాదన. ఈ అభ్యంతరం మనకు బాగా అర్థమవుతుంది: పరిపాలనా ఆమోదంలోని మొత్తం నుంచి కొలిస్తే ఒక శాతం వస్తుంది, కాంట్రాక్టరుతో చేసుకున్న ఒప్పంద విలువ నుంచి కొలిస్తే మరొకటి వస్తుంది. పత్రికలలో ‘ఖర్చు రెట్టింపైంది’ అని చదివినప్పుడు దేనికి రెట్టింపు అని అడగడం మంచిది.

మీరు చెప్పిన రెండు ఉదాహరణలను మాత్రం ఒకే గాటన కట్టలేము. భోగాపురంలో 2019 ఫిబ్రవరిలోను, 2023 మేలోను శంకుస్థాపనలు జరిగిన మాట వాస్తవం. ఆ మధ్యకాలం సైటులో మేస్త్రిలు పోగొట్టినది కాదు. వంశధార విషయంలో ఆ నది మీద తలపెట్టిన నేరడి బ్యారేజీ ఒడిశాతో వివాదంలో పడింది. దాన్ని తేల్చే ట్రిబ్యునల్ 2010లో ఏర్పడి 2017లో తీర్పు ఇచ్చింది. అలాంటి ఏళ్లను ‘నిర్మాణ జాప్యం’ అనే ఒకే గడిలో వేసి సగటు కట్టే పరిశోధన సైటులో పనిచేసేవారికి అన్యాయం చేస్తుంది.

ప్రశ్న: ఊరూరా ఇళ్లు, కాంప్లెక్సులు లేస్తున్నాయి. నిర్మాణం ఇంత జోరుగా ఉంటే జిల్లా అభివృద్ధి చెందినట్టే కదా?
– డిగ్రీ విద్యార్థి, చీపురుపల్లి

జవాబు: అలా అనలేము. ఆర్థిక వ్యవస్థ ఎదుగుతున్న దశలో నిర్మాణ రంగం వాటా పెరుగుతుందని డూచో టూరిన్ అనే పరిశోధకుడు 1960ల చివర నుంచి వాదించారు. రాంకో బోన్ అనే మరో పరిశోధకుడు 1992లో దానికి రెండో సగం చేర్చారు: ఒక దశ దాటాక ఆ వాటా మళ్లీ తగ్గుతుంది. నిర్మాణంలో పెరుగుదల అభివృద్ధికి కారణమా, ఫలితమా అన్నది ఇప్పటికీ చర్చలోనే ఉంది. మన పల్లెలలో కొత్త ఇంటికి సొమ్ము చాలాసార్లు ఆ ఊరి పంట నుంచి కాక, వలస వెళ్లినవారి సంపాదన నుంచి వస్తోందని కూడా గుర్తుంచుకోండి.

ప్రశ్న: మా ఊరి మగవాళ్లలో చాలామంది హైదరాబాదు, చెన్నై, భువనేశ్వర్ వైపు సెంట్రింగ్, తాపీ పనులకు వెళ్తారు. ఎన్నో ఏళ్లుగా వెళ్తున్నవారు కూడా మేస్త్రి చేతికిందే ఉన్నారు గానీ, కంపెనీ రోల్సులోకి ఎక్కినవారు లేరు. మంచి పనివాళ్లు దొరకడం లేదని కంపెనీలే అంటాయి. మరి నేరుగా ఎందుకు పెట్టుకోవు?
– మహిళా సంఘం సభ్యురాలు, మందస

జవాబు: అమ్మా, ఈ నెల వచ్చిన ప్రశ్నలలో పరిశోధకులు అందరికన్నా ముందు పట్టించుకోవలసినది మీదే. కంపెనీకి పని నిలకడగా ఉండదు; ఈ టవరు అయిపోయాక తరువాతి టెండరు వస్తుందో రాదో తెలియదు. మనుషులను రోల్సులో పెట్టుకుంటే పని లేని నెలలలో కూడా జీతం ఇవ్వాలి. ఆ భయాన్ని కంపెనీ మేస్త్రికి అప్పగిస్తుంది, మేస్త్రి దాన్ని కూలీకి అప్పగిస్తాడు. సంక్రాంతికి ఊరు వచ్చినప్పుడు మేస్త్రి ఇచ్చే అడ్వాన్సు ఈ ఏర్పాటుకు తాళం: పండుగ అయ్యాక ఆ మనిషి వేరే సైటుకు వెళ్లకుండా అది కట్టేస్తుంది. అభివృద్ధి చెందుతున్న దేశాలలో నిర్మాణ కార్మికులు ఎక్కువగా ఇలా దళారుల ద్వారానే పనిలోకి వస్తున్నారని అంతర్జాతీయ కార్మిక సంస్థ 2001 నాటి నివేదికలో వివరించింది. దీని వల్ల వచ్చే పెద్ద నష్టాన్ని కూడా ఆ చర్చలో గుర్తించారు. రేపు వేరే కంపెనీకి వెళ్లిపోయే మనిషికి పని నేర్పడానికి ఏ కంపెనీ ఖర్చు పెట్టదు. అప్పుడు మంచి పనివాళ్లు లేరని అందరూ కలిసి వాపోతారు.

కూలి కన్నా ప్రాణం సంగతి పెద్దది. 2014 జూన్ 28న చెన్నై సమీపంలోని మౌలివాక్కంలో పదకొండు అంతస్తుల భవనం కూలి 61 మంది మరణించారు. వారిలో చాలామంది మన విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల నుంచి వెళ్లినవారే. ఇంతమంది దళారుల మధ్య నడిచే సైటులో, ఏ రోజున ఎవరెవరు పనిలో ఉన్నారో చెప్పగల హాజరు పట్టిక కూడా ఒక్కోసారి మేస్త్రి జేబులోని చిట్టీయే అవుతుంది.

భవన నిర్మాణ కార్మికుల కోసం పార్లమెంటు 1996లో చట్టం చేసింది. నిర్మాణ ఖర్చులో 1 శాతం సెస్సుగా వసూలు చేసి సంక్షేమ బోర్డుకు ఇస్తారు. 18 నుంచి 60 ఏళ్ల లోపు వయసుండి, గడిచిన ఏడాదిలో 90 రోజులు ఈ పని చేసినవారు అందులో నమోదు కావచ్చునని ఆ చట్టం చెప్పింది. ఈ ఏర్పాటును తరువాత 2020 నాటి సామాజిక భద్రతా స్మృతిలో చేర్చారు. చిక్కు ఎక్కడంటే, మన మనిషి ఆ 90 రోజులలో నలభై చెన్నైలో, ముప్పై హైదరాబాదులో, మిగిలినవి పలాసలో చేసి ఉంటాడు. మూడు చోట్లా మేస్త్రి వేరు. అందుకని ఊరు దాటి వెళ్లే ప్రతి ఒక్కరి చేతా సైటు పేరు, కంపెనీ బోర్డు, పని మొదలైన తేదీ, బట్వాడా తీసుకున్న తేదీలు ఫోనులో ఫొటోలు తీయించి ఇంటికి పంపించమనండి. మీ సంఘం సమావేశాల రిజిస్టరు వెనుక పేజీలలో వాటిని ఎవరి పేరున వారికి ఎక్కించి పెట్టండి. నమోదుకు వెళ్లినప్పుడు అడిగే మొదటి ప్రశ్న ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, ఎక్కడ పనిచేశారన్నదే.